కత్తి అలిగితే అలగనీ

చేవెళ్ల
ఆషాఢం, 1938

అన్న మైసయ్యకు చెల్లె బాలనర్సమ్మ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. నేనూ మా అత్త ధనమ్మా బతికి ఉన్నాం. రెండు పూటలా పొయ్యి రాజేస్తున్నాం. అంతవరకు నిజం.

మా ఆయన దినాలు కాగానే నువ్వు సాయంత్రం బండికి మొయినాబాదు వెళ్లిపోయావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. నువ్వు ఊరు దాటావో లేదో, ఆయన చిన్నాయన కొడుకు భిక్షం ఇంట్లోకి వచ్చి, దూలానికి వేలాడుతున్న పొదిని తీసి భుజాన వేసుకున్నాడు. కత్తులు, కత్తెర, సానరాయి, అద్దం, నీళ్ల గిన్నె, అన్నీ ఆ తోలు సంచిలోనే ఉన్నాయి.

"అదేంది భిక్షం?" అన్నాను.

"కుల పెద్దలు చెప్పిండ్రు వదినా. మల్లప్పన్న గడ్డాలు చేసే ఇండ్లన్ని ఇగ నేను చూసుకుంట. పంటకు నీకింత గింజలు పడేస్త. నీకెట్లనో పురుళ్లు పోసే పనున్నది గద," అన్నాడు.

పడేస్తాడట. వాకిట్లో కుక్కకు పడేసినట్టు.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆయన పనికి నీళ్లు కాచింది నేను, తోలు పట్టీకి నూనె రాసింది నేను. కత్తిని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "ఆడదాని చెయ్యి తాకితే కత్తి అలుగుతది," అనేవాడు. మనిషి మంచివాడే. కాని ఈ ఒక్క మాట నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. పురిట్లో బొడ్డు కోసే కత్తి నా చేతిలో ఏనాడూ అలగలేదు. గడ్డం గీసేదానికి ఎందుకంత అలక? అలిగితే అలగనీ.

అన్నా, ఆయన చేసిన ఇళ్లు నేను వదలను. ఆ పని నేనే చేస్తాను. నాకొక కత్తి కావాలి. నువ్వు హైదరాబాదు సెలూనులో పనిచేసి వచ్చినవాడివి. జర్మనీ కత్తులు, ఇంగ్లీషు కత్తులు పట్టినవాడివి. ఇక్కడ కాశీనాథ్ సేటు దుకాణంలో ఒకటి ఉన్నది. తెల్లటి పిడి, పిడి మీద నెమలి బొమ్మ, మొహం చూసుకునేంత మెరుపు. దాన్ని కొనమంటావా? నువ్వే ఒకటి చూసి పంపుతావా? మొదటిసారి పట్టేవాళ్లకు ఎలాంటిది కావాలో నాకు తెలియదు.

మిషన్ దవాఖాన నర్సు విమలమ్మక్క, నాకు అక్షరాలు నేర్పినామె, ఈ ఉత్తరం తప్పులు దిద్దింది. కత్తి సంగతి దగ్గరికి వచ్చేసరికి కలం కింద పెట్టి నా చేతుల వైపు చూసింది. తర్వాత, "పడితే గట్టిగ పట్టు," అన్నది.

వదినను, పిల్లలను అడిగానని చెప్పు.

బాలనర్సమ్మ


మొయినాబాదు
ఆషాఢం ఆఖరు

చెల్లె బాలనర్సమ్మకు అన్న మైసయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మీ వదిన కంట పడకముందే పొయ్యిలో వేశాను.

నీకు మతి ఉన్నదా? మంగలి ఇంట పుట్టి మంగలి ఇంట మెట్టినదానివి. కత్తి ఎవరు పడతారో నీకు ఒకరు చెప్పాలా? అసలు నీ ముందు కూర్చునేదెవరు? గడ్డం గీయించుకోవడమంటే మనిషి తల వెనక్కి వాల్చి తన గొంతును ఎదుటివాడి చేతిలో పెట్టడం. కట్టుకున్నదాని చేతిలోనే పెట్టని గొంతును ఊరి మగవాళ్లు నీ చేతిలో పెడతారా? పటేలు పెడతాడా?

అత్తను తీసుకుని ఇక్కడికి వచ్చెయ్. చిల్కూరు దేవుడి దగ్గరికి పోయేవాళ్లు నా రేకుల కప్పు దుకాణం ముందే ఆగుతారు, పనికి కొదవలేదు. ఉన్న గంజి కుండలోనే ఇంకో రెండు గిన్నెల నీళ్లు పోసి అందరం తాగుదాం. భిక్షం గింజలు తినాలని నేనూ అనను. కాని కులంతో పెట్టుకోవద్దు.

కత్తి కొనవద్దు. ఇదే నా మాట.

ముఖ్యంగా ఆ నెమలి పిడిది కొనవద్దు. అలాంటివి పెళ్లికొడుకులకు కానుకలు ఇవ్వడానికి చేస్తారు. మెరుపు చూసి కత్తి కొన్నవాడు మొహాన గాట్లు కొనుక్కున్నట్టే. కత్తిని రాతి పలక మీద పడుకోబెట్టి చూస్తే దాని గుణం తెలుస్తుంది. వీపూ అంచూ రెండూ పలకకు ఆనాలి. ఒక కొస లేచి టకటకలాడితే అది వంకర కత్తి, దాన్ని ఏ సానరాయీ బాగు చేయలేదు. వీపు మీద గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకో. మంచిది సన్నగా మోగుతుంది. పగులున్నది మూగగా ఉంటుంది. అంచును బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరిపితే, ఎక్కడ తట్టుకుంటుందో అక్కడ పన్ను విరిగిందని అర్థం. తుప్పు వీపు మీద ఉంటే ఫికర్ లేదు, అంచు దగ్గర ఉంటే దాన్ని ముట్టుకోకు. మూసినప్పుడు కత్తి సరిగ్గా పిడి నడుమ పడాలి. మరీ బరువైనది నీ మణికట్టుకు ఆగదు, మరీ పలచటిది కొత్త చేతిలో నిలవదు. కొస చదరంగా ఉన్నది నాలాంటి పాతకాపుకు. మొదటిసారి పట్టేవాళ్లకు గుండ్రటి కొస కావాలి. లేకపోతే గడ్డం కన్నా ముందు చెవి తెగుతుంది.

ఇదంతా నువ్వు కొనాలని రాయలేదు. దుకాణంవాడు నిన్ను మోసం చేయకూడదని రాశాను. కొనవద్దు.

మైసయ్య


చేవెళ్ల
శ్రావణం

అన్నకు దండం.

కొన్నాను.

నీ ఉత్తరం కొంగులో కట్టుకుని కాశీనాథ్ సేటు దుకాణానికి పోయాను. కత్తులు చూపించమంటే, "ఎవరికి బాలనర్సమ్మా?" అన్నాడు.

"నాకే, సేటు."

ఆయన నవ్వాలో వద్దో తెలియక గల్లాపెట్టె మూత మూసి మళ్లీ తెరిచాడు. నేను పలక ఉంటే ఇమ్మన్నాను. లోపల నుంచి ఆయన భార్య వసంత తెచ్చి ఇచ్చింది. ఆమె పురుళ్లు రెండూ నేనే పోశాను కదా, నిలబడి చూస్తానన్నది. నెమలి కత్తిని పలక మీద పెడితే అది తైతక్కలాడింది. "చూడ సక్కగుంటది గని నిలబడది, మా భిక్షం లెక్క," అన్నాను. వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. రెండోది గోటితో కొడితే మట్టిపెంకులా పలికింది.

"ఇగ లేవు," అన్నాడు సేటు.

"ఓవర్సీరుది ఉన్నది గద," అన్నది వసంత.

గండిపేట కట్ట మీద పనిచేసిన ఓవర్సీరు ఒకాయన ఎప్పుడో అమ్మిపోయిన కత్తి అది. గుడ్డపేలికలో చుట్టి ఉన్నది. నల్లటి కొమ్ము పిడి, గుండ్రటి కొస. వీపు మీద తుప్పు మచ్చలు, అంచు మాత్రం శుభ్రం. పలక మీద పెడితే పడుకున్న పసిబిడ్డలా కదలలేదు. గోటితో కొడితే దోమ పాడినట్టు మోగింది. బొటనవేలి గోరు మీద జరిపితే ఎక్కడా తట్టుకోలేదు. మూస్తే నడుమనే పడ్డది.

"పాతది గదమ్మా, ఎందుకు? కొత్తది కొనుక్కో," అన్నాడు సేటు.

"కొత్తదాన్ని నేనున్న గద. ఒక్కరన్న పాతోళ్లుండాలె," అన్నాను.

ఇక నేర్చుకోవడం సంగతి. లేత సొరకాయ మీద సన్నటి నూగు ఉంటుంది, నీకు తెలుసు. దాని మీద కుంకుడు నురుగు పూసి గీయడం మొదలుపెట్టాను. మొదటి కాయలు కూరకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి. వరసగా సొరకాయ కూర తిని తిని మా అత్త విసుక్కున్నది. తోలు పట్టీ మీద కత్తిని వీపు వైపు తిప్పాల్సింది అంచు వైపు తిప్పి పట్టీని కోశాను. నా ముంజేతి మీద కూడా రెండు గీతలు పడ్డాయి. అయినా చేయి మెల్లగా మాట వింటున్నది.

ఒకరోజు పొద్దున అత్త వచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చున్నది. "ఎన్ని దినాలు కాయగూరలు గొరుగుతవే? కాయకు నొప్పి తెల్వది. నొప్పి తెలిసినదాని మీద నేర్చుకో," అని కొప్పు విప్పింది.

నేను కత్తి మడిచాను. "ఊరు ఏమంటది అత్తా?"

"చిల్కూరు మొక్కంటది. అననీ. నెత్తి నాది."

తెల్లటి జుట్టు, నడుము దాకా. కత్తెర లేదు కాబట్టి పాయలు పాయలుగా తడిపి కత్తితోనే తీశాను. నేను వెనకాడినప్పుడల్లా ఆమె ఏదో ఒక పురుడు సంగతి ఎత్తుకునేది, ఫలానా ఇంట్లో బిడ్డ అడ్డం తిరిగిందని, ఫలానావాడు కాళ్లతో వచ్చాడని. వింటూ వింటూ నా చేయి కుదురుకునేది. చెవి వెనక ఒక గాటు పడ్డది. నేను ఆపేస్తే, "ఆడనే తెగుతది అందరికి. మీ మామ గూడ ఆడనే కోస్తుండె. కానియ్," అన్నది. అయిపోయాక అరచేత్తో తల తడుముకుని, "సల్లగున్నదే," అని, జుట్టంతా ఊడ్చి తానే పెంటకుప్ప మీద వేసి వచ్చింది.

నేను లోపలికి పోయి ఏడ్చాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

నాకొక సందేహం. గొంతు దగ్గర వెంట్రుకలు ఒక్కొక్కరికి ఒక్కో వైపు పడుకుంటాయి కదా, అక్కడ ముందు ఎటు గీయాలి? మళ్లీ కొనవద్దని రాయకు. ఆ మాటకు కాలం చెల్లింది.

బాలనర్సమ్మ


మొయినాబాదు
భాద్రపదం

చెల్లెకు,

ధనమ్మ అత్తకు నా దండం చెప్పు. ఆమె తల సంగతి మీ వదినకు చదివి వినిపించాను. పెనం మీద రొట్టె మాడుతున్నా లేవలేదు.

గొంతు దగ్గర వెంట్రుక ఎటు పడుకుంటే ముందు అటే పోవాలి. వేళ్లతో తడిమితే తెలుస్తుంది. ఎడమ చేత్తో చర్మాన్ని గుంజి పట్టు, వదులుగా ఉన్న చర్మమే తెగుతుంది. కత్తి బరువే కత్తిని నడపాలి, నువ్వు నొక్కకు. గీసేవాడు ఊపిరి బిగబడితే గీయించుకునేవాడికీ తెలిసిపోతుంది, అందుకని మామూలుగా ఊపిరి తీసుకో.

కత్తి మంచిదే దొరికినట్టున్నది.

ఒక మాట విను. దీపావళి దాకా దాన్ని నాలుగు గోడల మధ్యనే ఉంచు. బయటికి తీయకు. ఇక్కడ నేను చక్కబెట్టుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. చేవెళ్ల నుంచి మనవాళ్లు కొందరు వచ్చి మాట్లాడి వెళ్లారు. ఫికర్ చేయాల్సిందేమీ లేదు. పెద్దపిల్లకు సంబంధం కుదిరింది, ఆ సంతోషంలో ఉన్నాం.

మైసయ్య


చేవెళ్ల
ఆశ్వయుజం

మైసయ్యకు బాలనర్సమ్మ రాయునది.

అన్న అని రాయాలో వద్దో నీ జవాబు చూసి నిర్ణయించుకుంటాను.

ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను. విమలమ్మక్క తండ్రి సాముయేలు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "నీ దగ్గర కత్తున్నదని మా బిడ్డ చెప్పిందమ్మా. మా దేవదాసు లగ్గమున్నది చర్చిల. మా వాడకు వస్తవా?" అన్నాడు.

చేవెళ్లలో మంగలి ఎవడూ ఆ కిరస్తానపు వాడలో కాలు పెట్టడని నీకు తెలుసు. మా ఆయనా పెట్టలేదు. అక్కడి మగవాళ్లు విరిగిన కొడవలి ముక్కలతో ఒకరి గడ్డం ఒకరు గీక్కుంటారు. పెళ్లికొడుకు కూడా అంతే.

"ఎందుకు రాను?" అన్నాను.

తెల్లారి పోయాను. దేవదాసు తల వాల్చి కూర్చున్నాడు, గొంతు ముడి పైకీ కిందికీ ఆడుతున్నది. "జర చూసుకోని చెయ్ అక్కా," అన్నాడు. వేళ్లతో తడిమి వెంట్రుక ఎటు పోతున్నదో చూసుకున్నాను. చర్మం గుంజి పట్టాను. కత్తిని నొక్కలేదు. చెంప మీద అది పోతుంటే, ఎండాకాలం మొదటి వానకు మన్ను చప్పుడైనట్టు ఒక చిన్న చప్పుడు, ఆ చప్పుడు సొరకాయ మీద రాదు. ఒక్క గాటు కూడా పడలేదు. అతను అద్దంలో చూసుకుని చెంపలు తడుముకుంటూ కూర్చుండిపోతే, వెనక నుంచి ఎవరో "లేరా, మేం లేమా?" అన్నారు. చూస్తే వాడంతా వరసలో ఉన్నది. పని అయ్యాక వాళ్లతోనే కూర్చుని పెళ్లి అన్నం తిన్నాను.

మర్నాడు చావడికి పిలిచారు. అత్త కూడా నా వెంట వచ్చింది. కుల పెద్దలు, భిక్షం, మధ్యలో పటేలు. "ఆ కత్తి మైలపడ్డది. దాన్ని బాయిల పారేసి తప్పు కట్టు. లేకుంటె పురుళ్లకు గూడ నిన్ను పిలువం," అన్నాడు పటేలు.

"మంచిది పటేలా. మీ ఇండ్లల్ల ఆడోళ్లకు ఆ మాట మీరే చెప్పి రాండ్రి. వాళ్లు సరేనంటె నేను గూడ సరేనంట," అన్నాను.

అప్పుడు అత్త తల మీది కొంగు తీసేసింది. ఆ బోడి తల చూసి ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు.

"పటేలా, నీ బొడ్డు కోసింది నేనే. యాదికుండదు నీకు. నువ్వు పుట్టిన దినమే తెల్లారగట్ల ఆ వాడల సాముయేలు పుట్టిండు. వాళ్లమ్మ సావు బతుకుల ఉన్నదని ఎవ్వరికి చెప్పకుంట పోయిన. సాముయేలుకు కోసినంక, పొద్దెక్కినంక వచ్చి నీకు కోసిన. గదే కత్తి. గప్పుడు మైల నీకంటలే?"

పటేలు చేయి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది, నేను చూశాను. అక్కడితో మేము గెలిచి ఇంటికి వచ్చేవాళ్లమే.

కాని భిక్షం లేచాడు. "ఈళ్ల మాటలు ఎందుకు పటేలా? ఈమె అన్న మైసయ్యనే మొయినాబాదుల కులం ముందట ప్రమాణం చేసిండు, చెల్లెతోని కత్తి పట్టనియ్యనని. ఆ కత్తి తానే తెచ్చి అప్పజెప్తనన్నడు."

అత్త తల మీద కొంగు కప్పి, ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఊపిరి మామూలుగా తీసుకొమ్మని నాకు రాసింది, ప్రమాణానికి చేయి చాచింది ఒకే మనిషా? పిల్ల సంబంధం గురించి రాశావు, ఇది రాయలేదు. దీపావళి దాకా ఆగమన్నది అందుకేనా?

కత్తి ఇవ్వను. వాళ్లడిగినా ఇవ్వను, నువ్వడిగినా ఇవ్వను.

బాలనర్సమ్మ


మొయినాబాదు
దీపావళి ముందు

బాలనర్సమ్మకు,

భిక్షం చెప్పింది నిజం. పెద్దలు నా దుకాణం ముందు కూర్చుని, నేను చేసే ఇళ్లు వేరేవాళ్లకు ఇస్తామన్నారు. పిల్ల సంబంధం తప్పిస్తామన్నారు. మాట ఇచ్చాను. ఇచ్చాక నీకు రాయడానికి కూర్చుంటే గొంతు దగ్గర ఎటు గీయాలో మాత్రమే రాయగలిగాను.

దీపావళి తర్వాత వచ్చే సంతనాడు ఇద్దరు పెద్దలతో చేవెళ్ల వస్తున్నాను, కత్తి తీసుకుపోవడానికి. నన్నే తెమ్మన్నారు. వాళ్ల ముందు నన్ను తిట్టాలనుకుంటే తిట్టు.

మైసయ్య


మొయినాబాదు
కార్తీకం

చెల్లె బాలనర్సమ్మకు,

మొన్న సంతలో నేను నీ ముందు నుంచి లేచి మొహం కడుక్కుని ఒక్కడినే నడిచి వచ్చేశాను. అలా ఎందుకు చేశావని నువ్వు అడగలేదు. అడిగితే అక్కడ చెప్పగలిగేవాడిని కాదు. అందుకని రాస్తున్నాను.

నేను కత్తి తీసుకుపోవడానికే వచ్చాను. అందులో దాపరికం లేదు. దారి పొడుగునా పెద్దలు నన్ను మెచ్చుకుంటూ వచ్చారు, మాట మీద నిలబడే మనిషివని. ఆ మెప్పు నాకు బాగానే ఉన్నది కూడా. సంత మూలలో నువ్వు గోనె పరుచుకుని, నీళ్ల గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నావు. నీ ముందు ఎవరూ లేరు. జనం దూరంగా నిలబడి చూస్తున్నారు. నువ్వు ఏడుస్తావనుకున్నాను, తిడతావనుకున్నాను. "ఇయ్యనని రాసిన గద. గని చూస్తనంటె చూడు, పదునెట్లున్నదో చెప్పు," అని కత్తి మడిచి నా చేతికిచ్చావు.

అలవాటు కొద్దీ తెరిచాను. వీపు మీద తుప్పంతా రుద్ది పోగొట్టావు. గోరు మీద జరిపాను. చెల్లే, ఇన్నేళ్లుగా ఎన్ని కత్తులు జరిపి ఉంటాను ఈ గోరు మీద. నా మొదటి కత్తికి ఇంత పదును నేను పెట్టలేదు. హైదరాబాదులో మా ఉస్తాదు చూసి ఉంటే నా చెవి మెలేసి నీ దగ్గర నేర్చుకొమ్మనేవాడు.

పక్కన పెద్దాయన, "ఏం చూస్తున్నవ్ మైసయ్యా, సంచిల వెయ్," అన్నాడు.

సంచి నోరు తెరిచి పట్టుకున్నాను కూడా. అందులో మధ్యాహ్నానికి కట్టుకొచ్చిన రొట్టెలు ఉన్నాయి. ఆ రొట్టెల మధ్య ఈ కత్తిని పడేసి ఇంటికి పోయి, రేపటి నుంచి నా కత్తిని నేను ఏ మొహంతో పట్టుకోవాలో అర్థం కాలేదు. అంతకన్నా పెద్ద ఆలోచన ఏదీ రాలేదు. సంచి కింద పెట్టాను. గోనె మీద కూర్చున్నాను. "గడ్డం చెయ్," అన్నాను.

తల వాల్చాక నాకు జనం కనిపించలేదు. ఆకాశం, నీ గడ్డం, బిగపట్టిన నీ పెదవులు, అంతే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మన అవ్వ పెదవులు అలాగే ఉండేవి. ఇంతకాలం ఎందరి గొంతుల మీదో కత్తి పెట్టినవాడిని, నా గొంతు మీద మాత్రం నేనే పెట్టుకునేవాడిని. పరాయి చేతిలో అది ఎంత చల్లగా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. మగవాళ్లు నీ ముందు కూర్చోరని నీకు రాశాను. నాకూ భయమే వేసింది. నువ్వు మామూలుగా ఊపిరి తీసుకుంటున్నావు. అది విని నేనూ తీసుకున్నాను.

పెద్దాయన ఉమ్మేసి, "నీ ఇండ్లు పోయినయనుకో మైసయ్యా," అన్నాడు. గొంతు మీద కత్తి ఉన్నది కాబట్టి జవాబు చెప్పలేకపోయాను. మంచిదే అయింది. నోరు తెరిచే వీలుంటే కాళ్లు పట్టుకునేవాడినేమో.

ఇంటికి వచ్చేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. పిల్ల సంబంధం వాళ్లు వద్దన్నారు. మీ వదిన ఆ పూట పొయ్యి రాజేయలేదు. తర్వాత దగ్గరికి వచ్చి నా చెంప మీద చెయ్యి వేసి, "మంచిగ గీసింది," అన్నది. పిల్ల ఏమన్నదో చెప్తే నమ్మవు. "మా అత్త చేతి పనికి మొహం తిప్పుకునే ఇంట్ల నేనేం చేద్దు?" అన్నది. దానికి కోపం ఉన్నది, ఆ ఇంటి మీదో నా మీదో ఇంకా తేల్చుకోలేదు. నా ఇళ్లు సగం పోయాయి. బాటన పోయేవాళ్లు ఉన్నారు, బతుకుతాం.

నువ్వు ఎడమ చెవి కింద కత్తిని నిలువుగా ఎత్తుతున్నావు. అక్కడ నాకు గాటు పడ్డది. ఇంకొంచెం పడుకోబెట్టు. మిగతాదంతా బాగున్నది.

మైసయ్య


చేవెళ్ల
మార్గశిరం

అన్న మైసయ్యకు చెల్లె బాలనర్సమ్మ దండం పెట్టి రాస్తున్నది.

పిల్లతో చెప్పు, దాని మీద నాకు ఎంత ప్రేమ ఉన్నదో, నా వల్ల అయినదానికి అంత బాధా ఉన్నదని. సంబంధం తప్పిన ఇల్లు దానికి తగింది కాదని మాత్రం అనను. తగిందో కాదో తేల్చుకునేది అదే.

నువ్వు పోయాక ఆ గోనె చాలాసేపు ఖాళీగానే ఉన్నది. తర్వాత కాశీనాథ్ తండ్రి పాండురంగం సేటు కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "భిక్షం ఎనిమిది దినాల నుంచి రేపు మాపు అంటున్నడు. ఎవ్వలి చెయ్యయితె ఏంది, నాకు దురద పెడ్తున్నది," అన్నాడు. ముసలి చర్మం, నూరు ముడతలు. ఒక్కొక్క ముడత గుంజి పట్టి చేశాను. చెవి కింద కత్తిని పడుకోబెట్టాను. అప్పటి నుంచి కొందరు ఎదురుగా వస్తున్నారు, కొందరు పెరటి దారిన వస్తున్నారు. పెరటి దారిన వచ్చినవాళ్లకు నేను చేయను. సంతలో కూర్చుంటాను, రమ్మంటాను. పటేలు ఇంటి పని భిక్షానిదే. పటేలు కోడలికి మాత్రం ఏడో నెల. ఆమె తానే వచ్చి అత్త దగ్గర కూర్చుని పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. కుల పంచాయితీ వాళ్లు నన్ను పిలిచారు. నిన్నూ పిలిచే ఉంటారు. తప్పు ఒప్పుకోవాలట. పంచాయితీ మంగళవారం పెట్టారు. మంగళవారం మంగలి ఎవడూ కత్తి తీయడు, అందరికీ తీరికే అని వాళ్ల లెక్క. కబురు తెచ్చినవాడితో, "మంగళవారం నాకు పనున్నదని చెప్పు," అని పంపించాను.

నేనన్న మాట అబద్ధం కాకూడదు కదా. మంగళవారం పొద్దున్నే సంత మూలకు పోయి గోనె పరుచుకుని కూర్చున్నాను. మొదట సాముయేలు వచ్చాడు, వాళ్లకు వారాల పట్టింపు లేదు. అతని వెనక దేవదాసు, ఇంకొందరు. వాళ్లను చూసి మరునాటి సంతకు ముందే వడ్లు తోలుకొచ్చిన పరాయి ఊరి బండివాళ్లు ఇద్దరు, ఇక్కడ మంగళవారం కూడా చేస్తారా అనుకుంటూ వాళ్ల వెనక చేరారు.

ఎండ ఎక్కాక పంచాయితీ నుంచి ఒక పెద్దాయన తానే వచ్చాడు. మొన్న నీ ముందు ఉమ్మేసినాయనే. కోపంతో రొప్పుతున్నాడు, పంచాయితీ కోసం పొద్దున్నే బయలుదేరాడేమో, గడ్డం మాసి ఉన్నది.

"కులమంత కూసోని నీ కోసం చూస్తున్నది. వస్తవా, రావా?" అన్నాడు.

నేను చేస్తున్న చెంప మీది నుంచి కళ్లు తీయలేదు. "వరుసల మనుషులున్నరు పెద్దయ్యా. గడ్డం చెయ్యాల్నంటె వాళ్ల ఎనక కూసో. మాట్లాడాల్నంటె రేపు రా."

అతను కూర్చోలేదు. కాని మాసిన గడ్డం తడుముకుంటూ, తొందరగా వెళ్లనూ లేదు.

బాలనర్సమ్మ